జత కుదరని మొలలు

సంతలో ఏ ఎద్దుకు ఏ ఎద్దు జతో కంటిచూపుతో చెప్పగల మనిషికి, తనకు జత దొరక్క ఆపరేషన్ ఆగిపోయిందంటే నమ్మేవాళ్లు తక్కువ. కానీ బత్తుల మాలకొండయ్య విషయంలో అక్షరాలా అదే జరిగింది.

మాలకొండయ్యది ఎడ్ల బేరం. యాభై ఏడేళ్ల మనిషి. ఎద్దు నాలుగడుగులు వేస్తే చాలు, దాని వయసు, బలం, మొండితనం అన్నీ చెప్పేస్తాడు. అలాంటివాడికి రెండేళ్లుగా మొలలు. మొలలకు తోడు మలబద్ధకం. అదీ మామూలుది కాదు, ద్వారం దాకా వచ్చి అక్కడే ధర్నా చేసే రకం. పొద్దున్నే దొడ్లోకి వెళ్తే నలభై నిమిషాలు. బయట భార్య ఆదెమ్మ చెంబు పట్టుకుని నిలబడి, "ఏందయ్యా, లోపల కాపరం పెట్టావా? పాలు పొంగిచ్చమంటావా?" అని అరిచేది.

లారీలో డ్రైవరు పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఎడ్లతోపాటు వెనక నిలబడే ప్రయాణం చేసేవాడు. అన్నం నిలబడే తినేవాడు. వీటన్నిటికీ ఓర్చుకున్నాడు గానీ, బేరం దగ్గర మాత్రం దెబ్బతిన్నాడు. ఎడ్ల బేరంలో ఒక మర్యాద ఉంది. బేరగాడు రాయి మీదో కాడి మీదో తీరిగ్గా కూర్చుని మాట్లాడాలి. నిలబడి మాట్లాడేవాడిని చూస్తే, వీడికేదో తొందరుందని అవతలివాడు పసిగట్టి బిగుసుకుంటాడు. కిందటేడు చింతలకొండ తిరనాళ్లలో మాలకొండయ్య మూడు రోజులూ నిలబడ్డాడు. ఒక్క జత కూడా అనుకున్న ధరకు పోలేదు. "మాలకొండయ్య పని అయిపోయింది, కుదురు లేదు" అని సంతంతా చెప్పుకున్నారు. ఈ ఏడు కూడా నిలబడితే ఇక అతన్ని బేరానికి పిలిచేవాడుండడు.

తిరనాళ్లకు రెండు నెలలుందనగా అతను జిల్లా పెద్దాసుపత్రికి వచ్చాడు.

ఆ ఆసుపత్రిలో ఈ పనికి ఇద్దరు డాక్టర్లున్నారు. పెద్దాయన వీరభద్రం. పాతికేళ్లుగా కత్తితో కోసి మొలలు తీసేస్తున్నాడు. రెండో ఆమె హైమవతి. వయసులో చిన్నది. స్టేప్లర్ మిషనుతో, జారిన లోపలి పొరను పైకి లాగి పిన్నులు కొట్టేస్తుంది. ఇద్దరికీ పడదు. వీరభద్రం ఆమె పనిని "కాయితాలు కుట్టడం" అంటాడు. హైమవతి ఆయన పనిని "కొబ్బరికాయ కొట్టడం" అంటుంది. అయినా ఎవరి రోగుల్ని వాళ్లు బాగుచేసి పంపుతూ ఉండేవాళ్లు, ఆసుపత్రి సూపరింటెండెంటు పరాంకుశంగారు చికిత్సల శాస్త్రీయ పోలిక మీద మూడు రోజుల సదస్సుకు వెళ్లి వచ్చేవరకు.

సదస్సు నుంచి ఆయన ఒక సంచీ, ఒక కలం, ఒక సర్క్యులరు తెచ్చారు. అది నోటీసు బోర్డు మీద అంటించి ఉంది:

"ఇకమీదట అవరోధక మలబద్ధకము మరియు మొలల రోగులకు విడివిడిగా శస్త్రచికిత్స జరుపుట అశాస్త్రీయముగా పరిగణించబడును. ప్రతి రోగికిని వయస్సు, బరువు, మొలల స్థాయి, ముక్కుడు వ్యవధి యందు సరిసమానుడైన మరియొక రోగిని జతపరచి, ఒకే దినమున ఒకే వేళకు ఒకరికి కత్తితోను, మరియొకరికి యంత్రముతోను చేయవలెను. ఎవరికి ఏది అన్నది సీలు వేసిన కవరు నిర్ణయించును. ఏది మేలో తేలువరకు, జత లేని రోగి ఓర్పు వహించవలెను."

మాలకొండయ్య వివరాలు హైమవతి రాసుకుంది. బరువు ఎనభై ఒకటి. మొలలు మూడో స్థాయి. ముక్కుడు వ్యవధి నలభై నిమిషాలు.

"నొప్పి పదికి ఎంత?"

"కూకుంటేనా, నిలబడితేనా తల్లీ?"

"సగటు చెప్పు. రెండూ కలిపి సగం చెయ్యి."

"సగం చేసే ఉపాయం ఉంటే నీ దగ్గరకెందుకొస్తా తల్లీ, ఇంట్లోనే చేసుకుందును గదా."

ఆమె నవ్వాపుకుని 'ఎనిమిది' అని రాసి వార్డులో చేర్చింది.

వార్డులో అతనికి ముందే ఇరవై ఆరుగురున్నారు. ఇరవై ఆరు మంచాలూ ఖాళీ. ఒక్కడూ కూర్చుని లేడు. అందరూ కిటికీ చువ్వలు పట్టుకుని రైలు కోసం ఎదురుచూస్తున్నవాళ్లలా నిలబడి ఉన్నారు. సర్క్యులరు వచ్చి నెలైంది, ఒక్క ఆపరేషనూ జరగలేదు. ఒక పోస్టుమానుకూ ఒక దర్జీకీ అన్నీ కుదిరాయి, బరువులో రెండు కిలోలు తప్ప. దర్జీకి పూటకో గుడ్డు అదనంగా పెట్టి బరువు పెంచారు. తీరా అంతా సరిపోయే నాటికి పోస్టుమాను పుట్టినరోజు వచ్చి, ఒక ఏడు పెద్దవాడై, జత చెడిపోయింది.

"మరి మీరు ఊరుకున్నారా?" అన్నాడు మాలకొండయ్య.

"ఏం చేస్తామన్నా? పుట్టినరోజు నాడు పరాంకుశంగారే వచ్చి, 'శాస్త్రానికి ఇది తీరని లోటు' అని నా చెయ్యి పట్టుకున్నారు" అన్నాడు పోస్టుమాను.

మాలకొండయ్యకు ఊరికే ఉండటం చేతకాదు. రెండు రోజులు గోడకు ఆనుకుని ఆ ఇరవై ఆరుగురి నడకా చూశాడు. మూడో రోజు పరాంకుశంగారు రౌండ్సుకు వచ్చినప్పుడు, "అయ్యా, ఆ మూల కిటికీ కాడ మనిషీ, ఈ తలుపు కాడ మనిషీ జత" అన్నాడు.

"ఏ ప్రమాణం ఆధారంగా?"

"నడక ఆధారంగా. నువ్విట్టా రా నాయనా. నువ్వు గూడా. ఇద్దరూ పక్కపక్కనే ఆ గోడ దాకా పోయి రాండి. సూశారా అయ్యా, ఇద్దరూ ఎడమ కాలు ఒకే మాదిరి ఈడుస్తన్నారు. మలుపు కాడ ఇద్దరూ ఒకేసారి పళ్లు బిగబట్టారు. కాడి కడితే అడుగు తేడా రాదు."

కొలిచి చూశారు. వయసు ఒకటే. బరువులో తేడా పావు కిలో. ముక్కుడు వ్యవధి ఇద్దరికీ ముప్పై అయిదు నిమిషాలు. పరాంకుశంగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు. సాయంత్రానికల్లా మాలకొండయ్యను 'గౌరవ జత నిర్ధారకుడు'గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. కత్తి వర్గం, యంత్ర వర్గం అంటే రోగులు జడుసుకుంటున్నారని మాలకొండయ్య చెబితే, అతని సలహా మీదే వాటికి దాపటి వర్గము, ఎలపటి వర్గము అని పేర్లు మార్చారు. కాడికి ఎడమన ఎద్దును, కుడిన ఎద్దును పిలిచే మాటలవి. సదస్సులో కూడా ఇంత స్పష్టత తాను చూడలేదన్నారు పరాంకుశంగారు.

రెండు వారాల్లో పదమూడు జతలు తేలాయి. ఇరవై ఆరుగురికీ ఆపరేషన్లయ్యాయి. మధ్యలో చిన్న చిన్న సవరణలు వచ్చాయి. ఏ వర్గమో రోగికి తెలియరాదన్నారు. తర్వాత నర్సులకు తెలియరాదన్నారు. చివరికి, నిష్పాక్షికత సంపూర్ణం కావాలంటే కోసే డాక్టరుకు కూడా తెలియకూడదన్నారు.

"అంటే నా చేతిలో కత్తి ఉందని నాకు తెలియకూడదా?" అన్నాడు వీరభద్రం.

"సూత్రప్రాయంగా, తెలియకూడదు."

"కళ్లకు గంతలు కట్టుకోమంటారా సార్?"

"ఆ ప్రతిపాదన పరిశీలనలో ఉంది" అన్నారు పరాంకుశంగారు, నోటుబుక్కులో రాసుకుంటూ.

ఇంకో పెద్ద చిక్కు వచ్చిపడింది. ఫలితాల కోసం ఒక్కొక్కణ్ణీ పిలిచి "ఎలా ఉంది?" అని అడిగితే, వారం పది రోజులు ఏడ్చినవాళ్లు కూడా, "బాగుందయ్యా, సుకంగా అవుతుంది" అన్నారు. ఇరవై ఆరుగురూ అదే మాట. పరాంకుశంగారు దిగులుగా తల పట్టుకున్నారు. "అందరూ బాగుపడిపోతే ఏది మేలో ఎలా తేలుతుంది? రోగులలో ఏమాత్రం బాధ్యత కనబడటం లేదు" అన్నారు.

ఇక వార్డులో మిగిలింది మాలకొండయ్య ఒక్కడే. ఇరవై ఏడో మనిషి. ఇరవై ఆరుగురికి జత కుదిర్చి, పొర్లాడటానికి ఇరవై ఏడు మంచాలతో మిగిలాడు. కూర్చోడానికి మాత్రం ఒక్కటీ పనికిరాలేదు.

"నాకు జత కావాలయ్యా" అన్నాడు.

"మీవంటి నిపుణులు మీ జతను మీరే నిర్ధారించుకోగలరని సంస్థ విశ్వసిస్తోంది" అన్నారు పరాంకుశంగారు.

మాలకొండయ్య బజారున పడ్డాడు. బస్టాండులో సీట్లున్నా నిలబడ్డవాళ్లను వెతికాడు. కాఫీ హోటళ్లలో గోడకానుకుని తాగేవాళ్లను పలకరించాడు. ఒకతన్ని, "మూడో స్థాయేనా?" అని ఆశగా అడిగితే, అతను మూడో తరగతి టీచరు, అవునని చాలా దూరం నడిచొచ్చి ఆసుపత్రి గుమ్మంలో విషయం తెలిశాక తిట్టిపోయాడు.

ఆదెమ్మ ఊరుకోలేక తమ్ముడు ఏడుకొండల్ని తీసుకొచ్చింది. వయసు సరే, ఆదెమ్మ మొగుడికన్నా ఏడాది పెద్దది. మొలలు సరే. ముక్కుడు నలభై నిమిషాలు, నిక్కచ్చి. కానీ మనిషి అరవై తొమ్మిది కిలోలు.

"పన్నెండు కిలోలే గదా, పట్టిస్తాం" అంది ఆదెమ్మ. బక్క ఎద్దును సంతకు సిద్ధం చేసినట్టు తమ్ముడికి మేపు మొదలుపెట్టింది. మూడు పూటలా జొన్నసంగటి, గోంగూర, తోటకూర, పెసరపప్పు, గంగాళం మజ్జిగ. ఏడుకొండలు ఆరో రోజు పొద్దున్నే దొడ్లోకి వెళ్లి, ఆదెమ్మ తలుపు దాకా వచ్చేలోపే బయటికొచ్చాడు.

"ఏరా, ఏదన్నా మరిచిపోయావా?"

"లేదక్కా. అయిపోయింది."

"అయిపోవడమేందిరా! మీ బావ గతేం కావాలి?"

"నేనేం జెయ్యను అక్కా, అదే వచ్చింది" అని ఏడుకొండలు నేరం చేసినవాడిలా తల దించుకున్నాడు. ముక్కుడు వ్యవధి రెండు నిమిషాలకు పడిపోయినందువల్ల అనర్హుడని అతన్ని పంపేశారు.

తిరనాళ్లకు ఇక నెల రోజులే ఉంది. కోసినా, పిన్నులు కొట్టినా, కుదురుగా కూర్చోవాలంటే నెల కావాలని ఇద్దరు డాక్టర్లూ చెప్పారు. ఈ వారం దాటితే చేసినా చేయకపోయినా ఒకటే. మాలకొండయ్య నేరుగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్లాడు. అక్కడ వీరభద్రం, హైమవతి కూడా ఉన్నారు. పరాంకుశంగారు ఏదో ఫైలు కోసం బీరువా దాకా నడిచి, వెనక్కి వచ్చారు.

ఆ నాలుగడుగులు చాలు. మాలకొండయ్యకు అందులో తన నడకే కనబడింది, వయసూ బరువూ కూడా తన ఈడుజోడే.

అతను బీరువా వంక చూశాడు. మనిషి వంక చూశాడు. మెత్తటి కుర్చీ మీద ఫైళ్లు పేర్చి ఉన్నాయి, మనిషి కూర్చునే కుర్చీలా లేదు. నలుగురిలో అనకూడని మాట. కానీ సంతలో నలుగురికీ తెలియకూడని మాట చెప్పుకోడానికి ఒక దారుంది. భుజం మీద తువ్వాలు తీశాడు.

"అయ్యా, చెయ్యి ఒకసారి ఇటియ్యండి."

"దేనికి?"

"మా కాడ బేరం ఇట్టాగే చేస్తాం. చేతి ఏళ్లు పట్టుకుని లెక్క చెప్పుకుంటాం. పైనుంచి సూసేవోళ్లకు తువ్వాలే కనపడతది."

రహస్య పద్ధతి అనేసరికి పరాంకుశంగారికి శాస్త్రీయంగా తోచి చెయ్యి ఇచ్చారు. మాలకొండయ్య చేతుల మీద తువ్వాలు కప్పి, ఆయన వేళ్లు మూడు కలిపి నొక్కి, "స్తాయి ఇదేనా అయ్యా?" అన్నాడు.

పరాంకుశంగారి ముఖం పాలిపోయింది. తలుపు వంక చూశారు. వీరభద్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తువ్వాలు కింద ఒక చెమట చెయ్యి మూడు వేళ్లను తిరిగి నొక్కింది.

"పొద్దున పూట?" నాలుగు వేళ్లు పట్టుకున్నాడు మాలకొండయ్య. వేలుకు పది నిమిషాలు.

నాలుగూ తిరిగి నొక్కాయి. ఒక్కసారి కాదు, రెండుసార్లు. ఎన్నాళ్లుగానో ఎవరికైనా చెప్పుకోవాలనున్నట్టు.

"మూడేళ్లు" అన్నారు పరాంకుశంగారు గొణుగుతున్నట్టు. తర్వాత గొంతు సవరించుకుని, "అధ్యయనం విషయం" అన్నారు డాక్టర్లతో.

మాలకొండయ్య దగ్గరగా వంగాడు. "నేను జత లేక ఆగాను, తమరు సిగ్గుపడి ఆగారు. నొప్పికి ఆ తేడా తెల్వదు గదయ్యా. ఇద్దరం కలిసి పడుకుందాం." తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పైకి అన్నాడు: "జత కుదిరింది."

"ఎవరతను?" అంది హైమవతి.

"వివరములు గోప్యము" అన్నారు పరాంకుశంగారు.

గోప్యం మూడో రోజు పొద్దుటిదాకా నిలిచింది. థియేటర్లో రెండు బల్లలు, మధ్యన పచ్చటి తెర. ఒక బల్ల మీద మాలకొండయ్య, రెండో బల్ల మీద పరాంకుశంగారు. ఇద్దరికీ నడుముకు మత్తు సూది ఇచ్చారు. నడుము కింద ఎవరి కాళ్లు ఎవరివో వాళ్లకు తెలియడం లేదు. హైమవతి సీలు కవరు చింపి చూసి, మిషను అందుకుని మాలకొండయ్య వైపు కదిలింది. వీరభద్రం కత్తి తీసుకుని రెండో బల్ల వైపు వచ్చాడు.

"ఆగండి!" అన్నారు పరాంకుశంగారు. "నాకు ఏది వచ్చింది?"

"రోగికి తెలియరాదని తమ సర్క్యులరు, సార్."

"నేను రోగిని కాను. సూపరింటెండెంటును."

"అయితే బల్ల దిగండి సార్, రోగిని పడుకోబెట్టాలి" అంది హైమవతి.

ఆయన దిగాలని ప్రయత్నించారు. కాళ్లు ఆయన మాట వినలేదు. ఆసుపత్రిలో తన ఉత్తర్వు చెల్లకపోవడం ఆయనకు అదే మొదటిసారి. తల ఎత్తి వీరభద్రం చేతిలో కత్తి చూశారు.

"వీరభద్రంగారూ, నిజం చెప్పండి. మీకే వస్తే ఏది చేయించుకుంటారు?"

వీరభద్రం చేతిలో కత్తి కిందికి దించాడు. "నాకే వస్తే... మిషనే సార్. నా చేత్తో కోయించుకున్నవాళ్లు మొదటి వారం బాత్రూముల్లో పెట్టే కేకలు పాతికేళ్లుగా వింటున్నాను."

"అయితే మార్చండి! కవరులో లేఖక దోషం. నాకు యంత్రం, మాలకొండయ్యకు కత్తి."

డాక్టర్లు బల్లలు మారారు. పరాంకుశంగారు కళ్లు మూసుకున్నారు. మళ్లీ తెరిచారు.

"డాక్టర్ హైమవతీ, మరి మీకే వస్తే?"

ఆమె మిషను వంక చూసుకుంది. "నాకైతే కత్తే సార్. మిషనుతో చేయించుకున్నవాళ్లలో కొంతమంది రెండేళ్లకు మళ్లీ అదే నడకతో వస్తున్నారు. ఒక్కసారే ఏడ్చి వదిలించుకోవడం నయం."

"మార్చండి!" అన్నారు పరాంకుశంగారు.

డాక్టర్లు మళ్లీ బల్లలు మారారు. తర్వాత వీరభద్రం చెప్పిన కేకలు గుర్తొచ్చి ఇంకోసారి మార్పించారు. నాలుగోసారి, గుమాస్తాను పిలిపించి తెర వెనక నిలబెట్టి, సర్క్యులరుకు సవరణ చెప్పడం మొదలుపెట్టారు: "పై విషయమునకు సంబంధించి, విశేష సందర్భములలో రోగి కోరికను... కాదు కొట్టెయ్... రోగి హోదాను దృష్టియందుంచుకొని..."

అప్పటికి కత్తితో మాలకొండయ్య బల్ల దగ్గరున్నది వీరభద్రం. మాలకొండయ్య మెల్లగా ఆయన్ను పిలిచాడు.

"అయ్యా, ఎద్దును పడేసినప్పుడే లాడం కొట్టాలి. లేచినాక కొడతానంటే అది తంతది. మత్తు ఇంకెంతసేపుంటది?"

"గంటన్నర."

"ఆయనకు అది చాలదు. నాకు చాలు. తమరి చేతికి ఏది బాగా వచ్చు?"

"కత్తే."

"కానీండి మరి."

వీరభద్రం తెర వంక చూశాడు. తెర వెనక సవరణ మూడో పేరాలో ఉంది. హైమవతి వంక చూశాడు. ఆమె మిషను పక్కన పెట్టేసి, లైటును మాలకొండయ్య వైపు తిప్పింది. పాతికేళ్ల చెయ్యి. సవరణ ఏడో పేరాకు వచ్చేసరికి కట్టు కూడా కట్టేశారు. పన్నెండో పేరా దగ్గర పరాంకుశంగారి కాలి బొటనవేలు కదిలింది. ఆ తర్వాత మడమ కదిలింది. ఆయన ఏ పద్ధతీ నిర్ణయించుకోకుండానే బల్ల దిగి, గోడ పట్టుకుని, తన పాత నడకతోనే గదికి వెళ్లిపోయారు.

మాలకొండయ్య మొదటి వారం కేకలు పెట్టాడు. అబద్ధమెందుకు, వీధి చివరిదాకా వినపడ్డాయి. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో రోజుకు మూడుసార్లు కూర్చున్నాడు. ఏడుకొండలికి పెట్టిన మేపే ఇతనికీ పెట్టింది ఆదెమ్మ. మూడో వారానికి కేకలు మూలుగులయ్యాయి. నాలుగో వారానికి అవీ పోయాయి.

చింతలకొండ తిరనాళ్ల రెండో రోజు. ఎండ బాగా ఎక్కింది. మాలకొండయ్య ముందు తెల్లటి ఒంగోలు జత, ఎదురుగా మోతుబరి రైతు ఒకాయన. బేరం మంచి పట్టులో ఉండగా పోస్టుమాను సైకిలు దిగాడు. పుట్టినరోజు వచ్చి జత చెడిన ఆ పోస్టుమాను కాదు, వేరే ఊరి మనిషి. సర్కారు ముద్రతో పొడుగు కవరు ఇచ్చాడు. ఐదో క్లాసు చదివిన ఆదెమ్మ దాన్ని కూడబలుక్కుని పైకి చదివింది.

"శ్రీ బత్తుల మాలకొండయ్యగారికి. తమ జత సభ్యునికి శస్త్రచికిత్స జరగనందున, తమరు జత లేనివారుగా నిర్ధారించడమైనది. జత లేనివారికి శస్త్రచికిత్స చేయుటకు నిబంధనలు అనుమతించవు. కావున తమకు జరిగిన శస్త్రచికిత్స జరగనట్లుగా పరిగణించబడినది. తమరు ఇప్పటికిని బాధపడుచున్నట్లే. తమ బాధను యథాతథముగా కొనసాగించుచు, తక్షణము వార్డునందు హాజరై, తగిన జత లభించువరకు నిలబడవలసినదిగా కోరడమైనది. ఇందుకు తమ జవాబును వెంటనే తెలియజేయవలెను."

రైతు నోరు వెళ్లబెట్టాడు. ఎద్దు ఒకటి తోక ఊపింది.

"జవాబియ్యమన్నారయ్యా, ఎంటనే" అంది ఆదెమ్మ కంగారుగా.

"ఇటియ్యి, ఇస్తా" అని మాలకొండయ్య ఆ కాయితం అందుకున్నాడు. నాలుగు మడతలు పెట్టాడు. ఎండకు కాలిపోతున్న బండరాయి మీద దాన్ని చక్కగా పరిచి, పంచె సర్దుకుని, నింపాదిగా దాని మీద కూర్చున్నాడు.

"ఆఁ, చెప్పు నాయనా, ఏమంటివి?" అన్నాడు రైతుతో.